నొప్పిమందువలని కీడును విచారించు విధము

మన జిల్లాలలో నొప్పిమందు వాడని రైతు ఇల్లు నేడు కానరాదు. నాట్లనాడు నడుము పట్టినను, మోకాలు వాచినను, ఎద్దు కుంటినను, పాడిగేదెకు పొదుగు వాచినను వెంటనే బిళ్ళయో సూదిమందో తెచ్చుట అలవాటైనది. ఇట్టి మందులవలన మేలు కలుగుచున్న మాట నిజము. బాధచే మేత మానిన పశువు మందు పడిన పూటకే నెమరు వేయుట మనము చూచుచునే యున్నాము. కాని అదే మందు ఎప్పుడైన కీడు చేసినచో, ఆ కీడు దేనివలన వచ్చెనో తెలిసికొను మార్గము మనలో పెక్కుమందికి తెలియదు. కొందరు కర్మమందురు, కొందరు దిష్టి యందురు, కొందరు వైద్యుడే చంపెనందురు. మొదటి రెండు మాటలవలన విచారణ మొదలే కాదు. మూడవ మాటవలన విచారణ లేకయే తీర్పు వెలువడును. ఈ మూడును గాక నాల్గవ మార్గమొకటి కలదు. అది సాక్ష్యమును భద్రపరచి, అడుగవలసిన ప్రశ్నలను వరుసగా అడుగుట. ఈ మార్గముననే ఒక నొప్పిమందు చేసిన ఘోరమైన కీడు లోకమునకు వెల్లడియైనది. ఆ వృత్తాంతముతో మన ఆదిలాబాదు అడవులకును సంబంధము కలదు గనుక దానిని మొదట చెప్పి, పిదప మన ఇండ్లలో ఇట్టి కష్టము వచ్చినపుడు చేయవలసిన పనిని వివరించెదము.

రాబందులు మాయమగుట

ఏబది యేండ్లు దాటిన రైతులు తమ చిన్నతనమున ఊరిబయట పశువు చచ్చిపడినపుడు ఆకాశమునుండి రాబందులు గుంపులుగా దిగుటను చూచియుందురు. పెద్ద యెద్దు కళేబరమైనను అవి కొలది గంటలలో ఎముకలు మాత్రమే మిగిల్చెడివి. 1980 ప్రాంతమున మన దేశమందు రాబందులు సుమారు 4 కోట్లు ఉండెనని అంచనా. 1990 తరువాత అవి వేగముగా తగ్గసాగెను. రాజస్థానమందలి భరత్‌పూరు పక్షుల ఆశ్రయమున ఏటేట గూళ్లను లెక్కించుచుండిన బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు, వారిలో ముఖ్యముగా డాక్టరు విభూ ప్రకాశ్ గారు, ఈ తరుగుదలను మొదట లోకమునకు చాటిరి. 1992 మొదలు 2007 వరకు జరిగిన లెక్కలను పోల్చిచూడగా తెల్లవీపు రాబందులు వేయింటికి ఒకటియు, పొడవు ముక్కు రాబందులు నూటికి మూడును మాత్రమే మిగిలినట్లు తేలినది. లోకమున మరి ఏ పక్షియు ఇంత వేగముగా నశించిన ఉదాహరణములు మిక్కిలి అరుదు.

జబ్బుపడిన పక్షి మెడ వ్రేలవైచి చెట్టుకొమ్మపై మగతగా కూర్చుండి, తుదకు నేలరాలుచుండెను. దీనిని చూచినవారు మొదట అంటురోగమని తలచిరి. కొందరు పొలములలో చల్లు పురుగుమందులను శంకించిరి. రెండును బుద్ధికి తోచెడి ఊహలే. ఐనను పరీక్షలలో రెండును నిలువలేదు.

మూడు ప్రశ్నలు

పాకిస్తానమందలి పంజాబులో లిండ్సే ఓక్స్ అను అమెరికా దేశపు పశువైద్య శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును చచ్చిన రాబందులను సేకరించి కోసి చూచిరి. గుండె, కాలేయము మున్నగు అవయవములపై సున్నము చల్లినట్లు తెల్లని పొర కనబడెను. పక్షుల ఒంటిలో పుట్టు యూరిక్ ఆమ్లమును మూత్రపిండములు బయటికి పంపలేకపోయినపుడు అది ఇట్లు లోపల పేరుకొనును. కావున మూత్రపిండములు చెడుటయే చావునకు హేతువని తేలినది. కాని వాటిని చెరిపిన దేది? ఇచ్చట వారు అడిగిన ప్రశ్నలు మూడు. వాటిని రైతులందరును గుర్తుంచుకొనదగును.

మొదటి ప్రశ్న: కీడు మొదలగుటకు ముందు క్రొత్తగా లోపలికి పోయిన దేమి? రాబందు తినునది చచ్చిన పశువుల మాంసము. కావున పశువుల ఒంటిలోనికి క్రొత్తగా వచ్చినదేమో కనుగొనవలసియుండెను. ఇందుకై వారు పశువైద్యుల యొద్దకును మందుల దుకాణముల యొద్దకును పోయి, మూత్రపిండములను చెరుపగలదియు, తిన్నపుడు ఒంటబట్టునదియు, ఈ మధ్య వాడుకలోనికి వచ్చినదియు నగు మందేదియని విచారించిరి. ఈ విచారణలో తేలిన పేరు డైక్లోఫెనాక్. ఇది మనుష్యులకు చాలకాలమునుండి ఇచ్చుచున్న నొప్పిమందే. 1990 తరువాత ధర తగ్గి పశువులకు విరివిగా వాడబడుచుండెను.

రెండవ ప్రశ్న: కీడున్నచోటనెల్ల ఆ మందున్నదా? కీడు లేనిచోట లేకున్నదా? ఆ తెల్లని పొర కనబడిన 25 పక్షులను పరీక్షింపగా 25 ఇంటను మందు కనబడెను. వేరు కారణములచే చచ్చిన 13 పక్షులలో ఒక్కదానియందును కనబడలేదు.

మూడవ ప్రశ్న: ఆ మందు తగిలినపుడు అదే కీడు మరల కలుగుచున్నదా? ఆ మందు వేసిన పశువుల మాంసమును కొన్ని రాబందులకు పెట్టి చూడగా వాటిలో పెక్కు అదే రీతిని చచ్చెను. ఈ ఫలితము 2004 లో ప్రకటింపబడినది. భారతదేశమునను నేపాళమునను చచ్చిన పక్షులలో కూడ ఇదే మందు, ఇదే గుర్తు ఆ యేడే కనుగొనబడెను.

ఇందు రైతు ముఖ్యముగా గమనింపవలసిన సంగతి ఒకటి గలదు. చచ్చిన పశువులన్నిటిలో ఈ మందు ఉండనక్కరలేదు. నూరు కళేబరములలో ఒకదానికన్న తక్కువ వాటియందు చంపదగినంత మందున్నను జాతి యంతయు క్షీణించుటకు చాలునని శాస్త్రజ్ఞులు లెక్కవేసిరి. ఒక్క కళేబరముపై పదులకొలది పక్షులు వ్రాలును. రాబందు ఏడాదికి పెట్టునది ఒక్క గ్రుడ్డే. కావున ఒక్క రైతు ఒక్క యెద్దునకు వేయించిన ఒక్క సూదిమందు ఏపాటి యని తలచుటకు వీలులేదు.

పక్షి పోయిన రైతునకేమి?

రాబందు పోయినచో మనకు వచ్చు నష్టమేమని అడుగువారు కలరు. కళేబరములు ఊరిబయట కుళ్ళుచు పడియుండెను. వాటిని మరిగి ఊరకుక్కలు పెరిగెను. కుక్కలు పెరిగినకొలది పిచ్చికుక్క కాట్లును పెరిగెను. కుళ్ళిన మాంసమునుండి మురుగు చెరువులలోనికిని వాగులలోనికిని దిగెను. రాబందులు విస్తారముగా నుండి పిదప పోయిన జిల్లాలను, మొదటినుండి అవి తక్కువగా నున్న జిల్లాలతో పోల్చి ఇద్దరు ఆర్థిక శాస్త్రజ్ఞులు ఒక పరిశోధన చేసి 2024 లో ప్రకటించిరి. 2000 మొదలు 2005 వరకు అయిదేండ్లలో ఈ కారణముచే మన దేశమున సుమారు 5 లక్షల మంది మనుష్యులు అదనముగా మరణించిరని వారి అంచనా. పశువునకు వేసిన మందు పక్షిని చంపి, పక్షి చావు మనుష్యుని ఇంటికి చేరినది. ఈ గొలుసులో దుర్బుద్ధి గలవాడు ఒక్కడును లేడు. మందు వ్రాసిన వైద్యుడు పశువు బాధ తీర్పదలచెను. రైతును అదే కోరెను. కావున దోషిని వెదకుటకన్న కారణమును వెదకుటయే మేలు చేసినది.

సర్కారు చేసిన కట్టడులు

కారణము తెలిసిన పిదప కట్టడి వచ్చెను. 2006 మే నెలలో పశువులకై డైక్లోఫెనాక్ తయారుచేయుటను ఆపవలసినదని భారత ప్రభుత్వము ఆదేశించెను. 2008 లో గెజిటు ప్రకటన వెలువడెను. ఐనను మనుష్యులకై అమ్ము పెద్ద సీసాలలోని మందునే పశువులకు ఎక్కించుచుండుటచే 2015 లో ఆ సూదిమందును ఒక్క మోతాదుకు సరిపడు 3 మిల్లీలీటర్ల సీసాలలో మాత్రమే అమ్మవలెనని నియమము చేసిరి. 2023 జూలైలో ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్ అను మందులను పశువులకు నిషేధించిరి. పశువు ఒంటిలో ఎసిక్లోఫెనాక్ డైక్లోఫెనాక్‌గానే మారును గనుక పేరు మారినను కీడు మారదు. 2024 డిసెంబరులో నిమెసులైడ్ కూడ పశువులకు నిషేధింపబడినది.

మన ప్రాంతమున ప్రాణహిత సమీపమందలి బెజ్జూరు అడవులలో పాలరాపు గుట్ట కలదు. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని ఈ తావు ఇప్పుడు కొమురం భీము ఆసిఫాబాదు జిల్లాకు చెందినది. 2013 లో ఆ గుట్ట చరియలపై పొడవు ముక్కు రాబందులు గూళ్లు కట్టియుండుట కనుగొనబడినది. రాబందులే లేవనుకొన్న మన తెలంగాణమునకు ఇది గొప్ప వార్త యయ్యెను. కాని రాబందు ఆహారమునకై ఒక్క దినములో పదులకొలది మైళ్లు తిరుగును. నది దాటి మహారాష్ట్రమందలి గడ్చిరోలి వరకును పోవును. అడవిలో కావలి ఉంచినంతమాత్రమున దానికి రక్షణ చాలదు. దాని ప్రాణము చుట్టుప్రక్కల గ్రామముల రైతు తన యెద్దునకు ఏ మందు వేయించెనను దానిపై నిలిచియున్నది.

పశువులకు మందు వేయించునపుడు

పశువునకు నొప్పి తగ్గించుట మానుమని మేము చెప్పుట లేదు. మెలాక్సికామ్, టోల్ఫెనామిక్ ఆమ్లము అను నొప్పిమందులు రాబందులకు హాని చేయవని పరీక్షలలో తేలినది. కావున పశువైద్యుని ఈ పేర్లు చెప్పి అడుగవలెను. మనుష్యులకై కొన్న సూదిమందును పశువునకు ఎక్కింపరాదు. ఊరికి వచ్చు పశువుల సంచార వైద్యవాహనమును 1962 సంఖ్యకు ఫోను చేసి పిలువవచ్చును.

మందు వేసిన దినమును, మందు పేరును, సీసాపై అచ్చువేసిన బ్యాచి సంఖ్యను ఒక కాగితముపై వ్రాసి పశువుల కొట్టములోనే ఉంచుట మంచిది. పాలిచ్చు పశువైనచో ఎన్ని దినములు పాలను కేంద్రమునకు పోయరాదో అప్పుడే అడిగి తెలిసికొనవలెను. నొప్పిమందు వేసిన పశువు వారము దినములలోపల చచ్చినచో, ఆ మందేదో రూఢిగా తెలియనిచో, కళేబరమును బయట పడవేయక లోతుగా పూడ్చవలెను. దొమ్మరోగమని అనుమానము కలిగినపుడు కళేబరమును ఎంతమాత్రము కోయక, తోలు తీయక, వెంటనే పశువైద్యునికి తెలుపవలెను.

మనుష్యులకు కీడు కలిగినపుడు

ఒంటిలో నొప్పిని, వాపును పుట్టించు పదార్థములే మూత్రపిండములకు రక్తము సరిగా పారునట్లు చూచును. కడుపులోని పొరను కూడ కాపాడును. నొప్పిమందు ఈ పదార్థముల పుట్టుకనే ఆపును. వంటింటికిని పశువుల కొట్టమునకును ఒక్క కాలువయే నీరు తెచ్చుచుండగా, వంటింట నీరు నిండెనని కాలువను కట్టివేసిన కొట్టము కూడ ఎండును గదా! అట్లే ఇదియును. అందువలన ఎండలో చెమటోడ్చి నీరు త్రాగక పనిచేయువారికి, వృద్ధులకు, మధుమేహము, రక్తపుపోటు, మూత్రపిండముల జబ్బు గలవారికి ఈ మందులు ఎక్కువ అపాయకరములు. ఒకేమారు రెండు పేర్ల నొప్పిమందులను కలిపి మ్రింగుట అందరికిని అపాయమే.

ఈ క్రింది గుర్తులు కనబడినచో తెల్లవారువరకు వేచియుండరాదు: మూత్రము మిక్కిలి తగ్గుట, ముఖమును కాళ్లును ఉబ్బుట, మలము తారువలె నల్లగా పోవుట, నెత్తురు వాంతి యగుట, ఊపిరి ఆడకపోవుట, పెదవులు వాచుట, ఒళ్ళంతయు దద్దురులు లేచి నోటను కంటను పుండ్లు పడుట, చర్మము ఊడుట. కీడు ఎల్లప్పుడును మొదటి దినముననే కనబడదు. నెలసరి నొప్పికిని పంటి నొప్పికిని విరివిగా వాడు మెఫెనమిక్ ఆమ్లమువలన కొందరికి జ్వరము, దద్దురులు, బిళ్ళకట్టుట, లోపలి అవయవములకు హాని కలుగవచ్చునని భారత ఫార్మకోపియా కమిషనువారు 2023 నవంబరు 30 వ తేదీన హెచ్చరించిరి. ఈ జబ్బు మందు మొదలిడిన రెండు వారములు మొదలు ఎనిమిది వారములలోపల ఎప్పుడైన కనబడవచ్చును. ఈ హెచ్చరిక దేశమందలి వైద్యశాలలనుండి వచ్చిన ఫిర్యాదు పత్రములను పరిశీలించుటవలన పుట్టినది. పత్రములు వ్రాయువారు లేనిచో హెచ్చరికయు లేదు.

కీడు కలిగిన వెంటనే చేయవలసిన పని రోగిని పెద్ద వైద్యశాలకు చేర్చుట. అప్పుడే వాడిన మందుల అట్టలు, ఖాళీ సీసాలు, చీటీ, దుకాణపు రసీదు అన్నియు ఒక సంచిలో వేసికొని పోవలెను. కోపముచేతనో భయముచేతనో వాటిని పారవేయువారు సాక్ష్యమును తామే పారవేసికొన్నవారగుదురు. చచ్చిన పక్షిని ఎవరును కోసి చూడక పూడ్చియుండినచో డైక్లోఫెనాక్ సంగతి నేటికిని తెలిసెడిది కాదు.

పిదప వైద్యుని మూడు ప్రశ్నలను ఈ రీతిని అడుగవచ్చును. జబ్బు మొదలగుటకు ముందు క్రొత్తగా మొదలిడిన మందేది, ఎన్ని దినముల ముందు? ఆ మందు ఆపిన పిదప జబ్బు తగ్గెనా? వేరొక రోగముగాని, వేరొక మందుగాని ఇట్టి కీడు చేయగలదా? ఇచ్చట ఒక్క భేదము గలదు. రాబందులకు చేసినట్లు మరల మందిచ్చి చూచుట మనుష్యుల విషయమున తగదు. అనుమానము కలిగిన మందు పేరును ఒక చీటీపై వ్రాసి, జీవితమంతయు ఏ వైద్యునియొద్దకు పోయినను ముందుగా చూపవలెను.

మందువలన కలిగిన కీడును తెలుపుటకు 2010 నుండి ఒక జాతీయ కార్యక్రమము నడచుచున్నది. దాని కేంద్రము ఘాజియాబాదులోని భారత ఫార్మకోపియా కమిషను. ఖర్చులేని ఫోను సంఖ్య 1800-180-3024. పనిదినములలో రైతు తానే మాట్లాడవచ్చును. వైద్య కళాశాలల ఆసుపత్రులలో పెక్కింట దీనికి శాఖలు కలవు. సామాన్యులు పూరింపదగిన పత్రము తెలుగులోను దొరకును. మందే కారణమని ఋజువు చేయనక్కరలేదు, అనుమానము చాలును. తెలిపినవారి పేరును గోప్యముగా ఉంచెదరు. దీనివలన పరిహారము రాదు, ఎవరికిని శిక్ష పడదు. ఐనను ఒకచోటి మాట పదిచోట్ల మాటలతో కలిసినపుడు హెచ్చరికగా మారును.

వైద్యశాలలో పడుకొనబెట్టి చికిత్స చేసినచో ఆ కాగితముల ప్రతులను కోరు హక్కు రోగికి కలదు. 2002 నాటి వైద్యుల నియమావళి ప్రకారము కోరిన 72 గంటలలోపల ఈయవలెను. అవి చూచిన పిదపను నిర్లక్ష్యము జరిగినదని తోచినచో, సొమ్ము చెల్లించి పొందిన వైద్యమునకు సంబంధించి జిల్లా వినియోగదారుల కమిషనులో రెండేండ్లలోపల దావా వేయవచ్చును. మందు కీడు చేసిన ప్రతి సందర్భమును నిర్లక్ష్యము కాదు. సరియైన మందు సరియైన మోతాదులో ఇచ్చినను కొందరి ఒంటికి పడకపోవచ్చును. ఈ భేదమును తెలుపునవి కాగితములే కాని కేకలు కావు.

సంఘములు చేయదగిన పని

ఇట్టి పని ఒక్కని చేత కాదని సభ్యులు అనవచ్చును. అందుకే సంఘములున్నవి. పాల సంఘములు తాము తెప్పించు పశువుల మందులలో రాబందులకు హాని చేయని వాటినే తెప్పింపవచ్చును. ప్రతి సంఘ కార్యాలయమునను నిషేధింపబడిన మందుల పేర్లను, పైన చెప్పిన ఫోను సంఖ్యలను పెద్ద అక్షరములతో గోడపై వ్రాయింపవచ్చును. చదువురాని సభ్యుని ఇంట కష్టము వచ్చినపుడు కార్యదర్శియో, చదువుకొన్న యువకుడో పత్రము పూరించి పంపుట పెద్ద పని కాదు. ఏడాది కొకమారు సర్వసభ్య సమావేశమునకు పశువైద్యుని, ప్రభుత్వ వైద్యుని పిలిచి ఈ సంగతులను చెప్పించుట మిక్కిలి ఉపయోగకరము.

విత్తనము మొలవనిచో మనము సంచిని దాచి, రసీదు చూపి, దుకాణదారుని అడుగుచున్నాము. ఒక మడి పంట విషయమున చూపు ఈ జాగ్రత్తను ఇంటివారి ప్రాణము విషయమునను, కొట్టములోని పశువు విషయమునను చూపుట ధర్మము. కావున ఈ సంచిక చేరిన వారములోనే ప్రతి సభ్యుడును తన ఇంట నున్న మందుల అట్టలను ఒక డబ్బాలో చేర్చి, ఎవరికి ఏ మందు ఎప్పుడు ఇచ్చిరో వ్రాయుటకు ఒక చిన్న పుస్తకమును ఆ డబ్బాలోనే ఉంచవలెనని కోరుచున్నాము.